పదిహేడో నిబంధన బరువు

పెంటకోట అప్పలసూరి నలభై ఏళ్ళ వ్యాపారంలో గిట్టుబాటు కాని మాట ఒక్కటే అన్నాడు. అది కూడా బజారులో కాదు, కోర్టులో సాక్షిగా నిలబడి.

"ఈ గోనె మీద చేప గుర్తు మీ కొట్టుదేనా?" అని అడిగాడు సర్కారు వకీలు.

"మాదేనండి."

"ఈమె మీకు తెలుసా?"

ఎదుటి బోనులో ఉన్నది వంతల కాసులమ్మ. పదకొండేళ్ళుగా ఆమె, ఆమె మొగుడు సోమన్న చింతపల్లి కొండల మీంచి పసుపు దింపుకొని నర్సీపట్నంలో అప్పలసూరి కొట్టుకే తెచ్చేవారు. పంట చేతికొచ్చే ముందు కొండ ఊళ్ళకి ఖాళీ గోనెలు పంచడం, ఒక్కోదాని మీద నల్లరంగుతో చేప బొమ్మ వేయించడం అతని అలవాటు. చేప గుర్తున్న గోనె నోరు ఒకసారి కుట్టాక మళ్ళీ కొట్టు గుమ్మంలోనే విప్పాలి. దారిలో ఎవరూ విప్పరు, లోపలేముందని అడగరు. అతని దగ్గర పసుపు అమ్మే నూరు కుటుంబాలకీ అది మాటల్లో పెట్టుకోని కట్టుబాటు.

ఆ నమ్మకం మీదే కాసులమ్మ ఒక పొద్దున్న పొరుగూరివాడెవడో ఇచ్చిన మూటను, అంత దూరం మొయ్యడానికి మూడొందలు కూలి మాట్లాడుకొని, నెత్తికెత్తుకుంది. చేప గుర్తుంది కాబట్టి పసుపే అనుకుంది. తనిఖీ కేంద్రం దగ్గర పోలీసులు కుట్టు కోస్తే పైన జానెడు పసుపు, కింద అంతా గంజాయి.

తెలుసని చెబితే ఆమె మాట నిలబడుతుంది. కానీ మరుక్షణం కొట్టు మీద సోదా, కొట్టుకి తాళం. అప్పలసూరి ఆ రెండు రెప్పపాట్లలో రెండు వైపులా తూచుకున్నాడు.

"నూరు మందికి గోనెలిస్తానండి. ఈవిడెవరో నాకు తెలీదు."

కాసులమ్మ ఒక్కసారి తలెత్తి చూసింది. ఆమెకి పదేళ్ళ శిక్ష పడింది.

ఆ తర్వాత రెండేళ్ళకి దేశంలో పెద్ద మార్పు వచ్చింది. గంజాయి మీద చట్టం చేసుకునే అధికారాన్ని కేంద్రం రాష్ట్రాలకే వదిలేసింది. ఒక రాష్ట్రం నార కోసం పండించుకోమంది. ఒకటి మందుకే అంది. ఒకటి ఆకు కనబడితే జైలే అంది. ప్రతి శాసనసభలోనూ ముసాయిదా మీద ముసాయిదా వస్తుంటే, ఏ రాష్ట్రంలో ఏది చట్టమవుతుందో ముందే తెలిసినవాడికి లాభం. నారబట్టల కంపెనీలు కొన్ని కలిసి ఆ ముందుచూపు కొనుక్కోవాలనుకున్నాయి. వాళ్ళు పట్టుకున్న మనిషి అప్పలసూరి కూతురు హైమవతే.

*

హైమ పనిచేసే చోటు విశాఖలో, మధురవాడలో ఒక బేకరీ మీది అంతస్తు. పైకి ఎక్కితే ముందు బన్నుల వాసన, ఆ తర్వాత యంత్రాల చల్లగాలి. నర్సీపట్నం బజారుకి గురువారం సెలవు కనక ఒక గురువారం అప్పలసూరి కూతురికి పనసపొట్టు కూర డబ్బాలో పెట్టుకొని వెళ్ళాడు.

గోడంత తెర మీద వేలకొద్దీ గీతలు, కొన్ని పచ్చగా, కొన్ని ఎర్రగా.

"ఏటే ఇది, తీర్థంలో రంగులరాట్నంలాగుంది?"

"ఒక్కో గీతా ఒక్కో నిబంధన నాన్నా. దీని పేరు తూనిక. ముసాయిదా ఎన్నిసార్లు తిరగరాశారు, ఏ మాట పెరిగింది, ఏ మాట తరిగింది, ఎవరు అరిచారు, ఎవరు ఊరుకున్నారు, అన్నీ చదువుకొని ప్రతి నిబంధనకీ నూటికి ఇంతని బరువు చెబుతుంది. బరువుంటే చట్టంలో మిగులుతుంది. లేకపోతే ఎగిరిపోతుంది."

"సరిగ్గా చెబుతాదా?"

"నూటికి అరవై నాలుగు." హైమ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కంపెనీవాళ్ళు తొంబై అడుగుతున్నారు. ఈ గంజాయి చట్టాలు రాకముందు నుంచీ, ఏడేళ్ళు పెట్టాను దీనిమీద. ఇంకో ఆరు నెలలు చూసి మూసేస్తామంటున్నారు. ఇదిగో చూడు, ఉత్తరాది రాష్ట్రం ఒకటి, 'ప్రతి ఇంటా నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు' అని రాసింది. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. తూనిక ఎనభై ఎనిమిది ఇచ్చింది. ఆఖరి రోజున ఆ నిబంధనే తీసేశారు. ఎందుకు తీశారో నాకూ తెలీదు, దీనికీ తెలీదు."

అప్పలసూరి ఆ నిబంధన చదివించుకున్నాడు. పెదవి విరిచి నవ్వాడు.

"నాలుగు మొక్కలు కావాలని ఎవులైనా అడిగేరా?"

"లేదు."

"దానికి అర్జీ ఫారం ఉందా? రుసుము ఉందా? మొక్కలు లెక్కెట్టడానికి ఆఫీసరున్నాడా?"

హైమ వెదికింది. మిగతా నిబంధనలన్నిటికీ ఫారం నంబర్లున్నాయి, గడువు తేదీలున్నాయి. దీనికి రెండు తియ్యటి వాక్యాలు తప్ప ఏమీ లేదు.

"అయితే అది వొదులుకోడానికి పెట్టిందేనే అమ్మా. బేరంలో నేను ముందు ఒక మాట వేస్తాను, అది నాకక్కర్లేదు. నువ్వు కాదంటావని వేస్తాను. నువ్వు కాదన్నావా, సరే నీకోసం వొదిలేస్తున్నానంటాను. అప్పుడు నాకు కావలసింది నువ్విచ్చేస్తావు. ఉంచుకునే సరుక్కి గోదాం కడతాం గాని, వొదిలేసేదానికి కడతామా?"

హైమ డబ్బా పక్కన పెట్టింది. "నాన్నా, పనసపొట్టు తర్వాత తింటాను. వచ్చే గురువారం కూడా రా."

అలా పదమూడు గురువారాలు వెళ్ళాడు. పాత బిల్లులు ఆమె చదవడం, ఇతను కుర్చీలో కాళ్ళు మడుచుకొని కూర్చొని "ఇది ఉంచేదే", "ఇది వొదిలేదే" అనడం. ఎందుకో చెప్పమంటే చెప్పేవాడు. ఆఫీసరు పేరు లేదు. పక్క నిబంధనకీ దీనికీ రాసిన చెయ్యి వేరు. మరీ తియ్యగా ఉంది. ఆమె ఆ కారణాలన్నీ తూనికకి నేర్పింది. నాలుగో నెలకి అది నూటికి తొంబై మూడు సరిగ్గా చెప్పసాగింది. కంపెనీలు మూడేళ్ళ ఒప్పందం రాసిచ్చాయి.

అప్పలసూరికి ఆ రోజుల్లో దొరికిన ఆనందం వ్యాపారంలో ఎప్పుడూ దొరకలేదు. బస్సులో తిరిగొస్తూ తనలో తనే నవ్వుకునేవాడు. పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూసినట్టు, సర్కారు మాటని విరిచి చూడొచ్చని అరవై ఏళ్ళొచ్చాక తెలిసింది.

*

ఆ వేసవిలో సోమన్న ఒక్కడే పసుపు తెచ్చాడు. కొట్టులో పసుపు బేరం తువ్వాలు కిందే జరుగుతుంది. ఇద్దరూ చేతులు గుడ్డ కింద కలిపి, వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్న మిగతా అమ్మకందారులకి ఎవరికెంత పలికిందో తెలియదు. సోమన్న వేళ్ళు ఆ రోజు బేరమాడలేదు. అప్పలసూరి ఎంత పట్టుకుంటే అంతకి ఊరుకున్నాయి.

"ఏరా సోమన్నా, ఒంట్లో బాగులేదా?"

"బాగుంది బాబూ. వంటిల్లు కొత్తగా కడతన్నాను. రాయి మోసి నడుం పట్టీసింది."

"ఇప్పుడు వంటిల్లెందుకురా?"

"అదొత్తాది కదా బాబూ." సోమన్న ముఖం విప్పారింది. "కొత్త చట్టం వొత్తందంట. ఏముందో తెలీకుండా మోసినోళ్ళని ఒగ్గేత్తారంట. మా వార్డు మెంబరు కాయితం సదివేడు. దాని పొయ్యి పాతది, పొగ. వొచ్చినాక మళ్ళీ తిట్టదా నన్ను?"

అప్పలసూరి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆ కోర్టు మాట ఇద్దరి మధ్యా రాకుండానే నాలుగేళ్ళు గడిచాయి. సోమన్న ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే జవాబు చెప్పి తేల్చుకునేవాడు. అడగకపోవడమే గోదాంలో తడిసిన సరుకులా లోపల్లోపల వేడెక్కుతూ ఉంది.

*

మన రాష్ట్రపు ముసాయిదా ఆ వారమే వచ్చింది. నలభై ఒక్క నిబంధనలు. తొమ్మిదోది, కొండల్లో పండిన నారను కొనే లైసెన్సు పెద్ద కంపెనీలకే అన్నది. పదిహేడోది, "సరుకు ఏదో తెలియక కూలికి మోసినవారి శిక్షలు రద్దు చేయబడును."

అప్పలసూరి గురువారం దాకా ఆగలేదు. మంగళవారం కొట్టు మూసి మధురవాడ చేరాడు.

"పదిహేడు వెయ్యి."

హైమకి ఎందుకో తెలుసు. కోర్టు మాట ఆమెకు ఎప్పుడో తల్లి చెప్పింది. ఏమీ అడగకుండా మీట నొక్కింది. తొమ్మిది పచ్చగా లేచి తొంబై ఏడు దగ్గర నిలబడింది. పదిహేడు ఎర్రగా ఒరిగిపోయింది.

ఆరు.

అతను నేర్పిన విద్యే. ఫారం లేదు. ఆఫీసరు లేడు. గడువు లేదు. రెండు తియ్యటి వాక్యాలు. రేపు సభలో గంజాయి మోసినవాళ్ళని వదిలేస్తారా అని ఎవరో ఒకరు గోల చేస్తారు. సరే మీ మాట మన్నించామని పదిహేడుని తీసేస్తారు. ఆ పెద్దమనసు చాటున తొమ్మిది నిశ్శబ్దంగా గడప దాటుతుంది.

"ఈ ఆరు సంగతి కంపెనీలకి తెలుసా?"

"ఉదయమే పంపాను."

"సోమన్నకి చెప్పాలి కదే. వాడు వంటిల్లు కడతన్నాడు."

"ఎవరికీ చెప్పకూడదు నాన్నా. ఒప్పందం సంగతి అటుంచు, చెబితే తూనికే పాడవుతుంది. పోయినేడు పడమటి రాష్ట్రంలో ఒక నిబంధనకి తొంబై ఇచ్చింది. ఆ సంగతి పొక్కింది. అది వద్దనుకునేవాళ్ళంతా సరిగ్గా దాని మీదే పడ్డారు. వారంలో చచ్చిపోయింది. దాన్ని నమ్మి విత్తనాలు చల్లినవాళ్ళ పొలాలు దున్నేశారు." ఆమె గొంతు తగ్గింది. "బరువు బయటికి చెప్పగానే బరువు మారిపోతుంది."

అప్పలసూరి ఆ మాట దగ్గర ఆగిపోయాడు. తూచినందుకే మారిపోయే సరుకుని అతనెప్పుడూ చూడలేదు.

"ఎటు మారుతాది?"

"ఏమిటి?"

"తొంబై ఉన్నది పడింది. మరి ఆరున్నది చెబితే ఎటెళ్తాది?"

హైమ తెర వైపు తిరిగింది. "అది... ఎప్పుడూ చూడలేదు."

"ఇప్పుడు చూడు. పదిహేడుకి ఒక ఫారం నంబరు రాసి మళ్ళీ వెయ్యి. ఉత్తుత్తికే."

ఆమె "ఫారం 17-ఎ" అని చేర్చింది. ఎర్ర గీత కదిలింది. ముప్పై ఒకటి. "సబ్ కలెక్టరు విచారించి" అని చేర్చింది. అరవై రెండు. ఇద్దరూ తెర దగ్గరికి జరిగారు. చిన్నప్పుడు కొట్టులో తక్కెడ ముందు ఇద్దరూ అలాగే కూర్చునేవారు. "తొంబై రోజుల్లోగా" అని రాసేసరికి గీత పచ్చబడి ఎనభై నాలుగు దగ్గర ఆగింది.

"చూసేవా? మనం రాస్తే ఉత్తుత్తిది. ఆళ్ళ చేత రాయించాలి."

"ఎలా రాయిస్తావు?"

"పాడేరులో వచ్చే బుధవారం ఈ ముసాయిదా మీద కమిటీ కూర్చుంటాది. ఎవులైనా సలహా చెప్పొచ్చని పేపర్లో వేసేరు."

హైమ లేచి నిలబడింది. "నాన్నా, నువ్వెళ్ళి ఫారం పెట్టండి అంటే పరిశీలిస్తామంటారు. అంతే."

"అవును. ఆరు అని అందరి ముందూ చెబితే పరిశీలిస్తామని తప్పించుకోలేరు, భయపడతారు."

"చెబితే నా ఒప్పందం పోతుంది. అంతకన్నా... ఆ కిటుకు దేశమంతా తెలిసిపోతుంది. ఇంక ప్రతివాడూ తప్పుడు నిబంధనకి కూడా ఫారాలు అతికిస్తాడు. తూనిక గుడ్డిదైపోతుంది. ఏడేళ్ళు నాన్నా."

అప్పలసూరి చెప్పులు వేసుకుంటూ చాలాసేపు వంగే ఉన్నాడు. ఏడేళ్ళు ఒక పళ్ళెంలో, ఇంకా ఆరేళ్ళ జైలు ఒక పళ్ళెంలో. అతని చేతుల్లోంచి ఇప్పటిదాకా లక్ష తూకాలు వెళ్ళుంటాయి. ఇంత నొప్పి పెట్టిన తూకం లేదు.

"వెళ్ళొద్దని చెప్పవే," అన్నాడు.

హైమ చెప్పలేదు. వెళ్ళమనీ అనలేదు. తెర ఆర్పేసింది.

*

పాడేరు సమావేశ మందిరం కిక్కిరిసింది. కొండ ఊళ్ళవాళ్ళు నేల మీద, విలేకరులు గోడవార, ఎత్తు మీద కమిటీ. సోమన్న తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అప్పలసూరి వంతు మధ్యాహ్నం భోజనాలకి ముందు వచ్చింది. అందరికీ ఆకలి వేసే వేళ. బేరానికి అది మంచి వేళేనని అతనికి తెలుసు.

"పదిహేడో నిబంధన చాలా బాగుందండి," అని మొదలుపెట్టాడు.

అధ్యక్షుడు చిరునవ్వు నవ్వాడు. "సంతోషం."

"దానికి అర్జీ ఫారం ఏదండి?"

"అవన్నీ తర్వాత రూల్సులో వస్తాయండి."

"తొమ్మిదో నిబంధనకి ఇప్పుడే వచ్చేసేయి కదండి, మూడు ఫారాలు? కంపెనీలకి లైసెన్సిచ్చే ఆఫీసరు పేరుతో సహా?"

నేల మీద కూర్చున్నవాళ్ళలో ఎవరో నవ్వారు. అధ్యక్షుడు నీళ్ళు తాగాడు. "మీ సూచన పరిశీలిస్తాం. తర్వాతెవరు?"

"ఇంకో మాటండి. విశాఖలో ఒక యంత్రముంది. ఏ నిబంధన మిగుల్తాదో, ఏది పోతాదో చెబుతాది. కంపెనీలు డబ్బిచ్చి చెప్పించుకుంటన్నాయి. తొమ్మిదికి నూటికి తొంబై ఏడు వేసింది. పదిహేడుకి ఆరు. మీరు పదిహేడు వొదిలేసుకోడానికే పెట్టేరని కంపెనీలకి వారం కిందటే తెలుసు. ఇక్కడ నేల మీద కూర్చున్నోళ్ళకే తెలీదు."

విలేకరుల కలాలు కదిలాయి. హాలులో గుసగుస లేచింది.

"ఎవరయ్యా నువ్వు?" అధ్యక్షుడి గొంతు మారింది. "యంత్రమట, ఆరట! మేం వదిలేస్తామని ఎవరు చెప్పారు?"

"వొదలరా అండి?"

"ఎందుకు వదులుతాం?"

"అయితే అదే మాట రాయించండి. ఫారం, ఆఫీసరు, తొంబై రోజుల గడువు. ఇప్పుడే. ఇందరి ముందు."

అధ్యక్షుడు పక్కవాళ్ళ వైపు చూశాడు. కెమెరాల వైపు చూశాడు. ముందున్న జాబితాలో అతని పేరు, వృత్తి చదువుకున్నాడు. "అసలు నీకెందుకింత పట్టుదల? పసుపు వర్తకుడివి. ఇందులో నీకు ఒరిగేదేమిటి?"

ఈ ప్రశ్న వస్తుందని అప్పలసూరి ముందే లెక్క వేసుకున్నాడు. జవాబు కూడా సిద్ధం చేసుకొని వచ్చాడు. తలుపు వైపు చూశాడు. సోమన్న లేచి నిలబడి ఉన్నాడు.

"వంతల కాసులమ్మని ఒక మనిషి, ఇలాగే మోసి జైల్లో ఉందండి. ఆ గోనె నాది. గుర్తు నాది. నా గుర్తుంటే విప్పి చూడకూడదని అలవాటు చేసినోణ్ణి నేను. ఆవిడ పదకొండేళ్ళు నాకు పసుపు తెచ్చింది. కోర్టులో తెలీదన్నాను." ఆగాడు. "అబద్ధం చెప్పేను. అది కూడా రాసుకోండి."

ఆ రోజు భోజనాలు గంట ఆలస్యమయ్యాయి. కానీ కమిటీ లేచేసరికి ఫారం 17-ఎ కాగితం మీదికి ఎక్కింది.

*

వర్షాకాలం సమావేశాల్లో బిల్లు చట్టమైంది. తొమ్మిదీ మిగిలింది, పదిహేడూ మిగిలింది. అప్పలసూరి మీద తప్పుడు సాక్ష్యం కేసు పడి వాయిదాలు నడుస్తున్నాయి. కొట్టు సోదా కూడా జరిగింది. తూనిక సంగతి హైమ భయపడ్డట్టే అయ్యింది. ఏ రాష్ట్రం ముసాయిదా చూసినా ప్రతి తియ్యటి వాక్యానికీ ఒక ఫారం నంబరు, ఒక ఆఫీసరు, ఒక గడువు. ఉంచుకునేదేదో వదులుకునేదేదో యంత్రం పోల్చుకోలేకపోయింది. కంపెనీలు వెళ్ళిపోయాయి. హైమ రెండు నెలలు తండ్రితో మాట్లాడలేదు. మూడో నెలలో ఫోను చేసి ఒక్క మాటంది.

"అన్నిటికీ యాభై ఇస్తోంది నాన్నా. యాభై, యాభై, యాభై."

"నీ బాకీ నేను తీర్చలేనే అమ్మా."

"తెలుసు. కానీ ఒకటి తోచింది. ఫారం రాసినందుకు, వాళ్ళు ఇష్టం లేకుండా పెట్టినవి కూడా కొన్ని నిజంగా మిగిలిపోతున్నాయి. ఎన్ని మిగులుతాయో లెక్కపెడుతున్నాను." ఆ గొంతులో చాలా రోజుల తర్వాత పాత కుతూహలం వినిపించింది. "ఈసారి గురువారం కాదు, బజారున్న రోజున నేనే వస్తాను. తువ్వాలు కింద వేళ్ళ బేరం నేర్పు."

హైమ వచ్చిన రోజునే సోమన్న పసుపు తెచ్చాడు. వెనక కాసులమ్మ. జుట్టు సగం నెరిసింది. ముగ్గురు కూలీలు మూడు గోనెలు దింపారు. కొత్త గోనెలు, ఏ గుర్తూ లేనివి. మూతులు కుట్టలేదు. కొండ దిగిన దారి పొడుగునా పసుపు చింది ఉంటుంది. మోసినవాళ్ళ మెడలు, చొక్కాలు పచ్చగా ఉన్నాయి.

"కుట్టొద్దంది బాబూ," అన్నాడు సోమన్న సంజాయిషీగా. "దారిలో నాలుగు సార్లు దింపించి, సెయ్యెట్టి అడుగుదాకా సూసింది."

అప్పలసూరి తువ్వాలు పరిచి, దాని కింద చెయ్యి చాపాడు. అమ్మకందారులు అలవాటుగా మొహాలు పక్కకి తిప్పుకున్నారు. కాసులమ్మ చెయ్యి పెట్టలేదు.

"తువ్వాలు తియ్యి బాబూ."

తీశాడు.

"దర తరవాత సెబుదువు గాని. ముందు నానెవులో సెప్పు."

బజారులో చప్పుడు తగ్గింది. హైమ తల దించుకుంది. అప్పలసూరి లేచి నిలబడ్డాడు. కొట్టుకొచ్చిన రైతు ముందు అతను లేచి నిలబడటం అక్కడెవరూ చూడలేదు.

"వంతల కాసులమ్మ," అన్నాడు, వీధి చివరి కొట్టుదాకా వినబడేలా. "పదకొండేళ్ళు నాకు పసుపు తెచ్చింది. నాకు తెలుసు."

కాసులమ్మ వంగి, మొదటి గోనెని మూతి తెరిచి ఉండగానే రెండు చేతులా ఎత్తి తక్కెడ మీద పెట్టింది.

"ఇప్పుడు తూయి," అంది.